వీపున మోసే చెప్పులు

గండికోట అంచున రాత్రి బస చేసేవాళ్ల సంచిలో తప్పక ఉండాల్సిన ఒక సామాను ఉంది. దానికోసం పెద్ద ఊళ్లకు పోనక్కర్లేదు, పెద్ద ఖర్చూ పెట్టనక్కర్లేదు. ప్రొద్దుటూరు బజార్లోనే దొరుకుతుంది.

సాయంత్రం అయిదున్నర. గండికోట లోయ అంచున రాయి ఇంకా వెచ్చగానే ఉంది. పొద్దున జమ్మలమడుగులో కట్టిన బూటు లేసు అప్పుడే విప్పాను. సాక్సు లాగుతుంటే చర్మానికి అంటుకుని వచ్చింది. లోపల పాదం తెల్లగా పాలిపోయి, తడిబట్టలో చుట్టిపెట్టినట్టు ముడతలు పడి ఉంది. వేళ్ల సందుల్లోకి గాలి తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. మళ్లీ ఆ తడి బూట్లలో కాలు పెట్టబుద్ధి కాలేదు. టెంటుకూ నీళ్ల క్యానుకూ మధ్య ఇరవై అడుగుల దూరం. ఆ మాత్రానికి ఏమవుతుందిలే అని వట్టి కాళ్లతో లేచాను. సగం దూరం పోయానో లేదో, సర్కారు తుమ్మ ముల్లు మడమ పక్కన దిగింది.

మా మేనల్లుడు టార్చి పట్టుకున్నాడు. పిన్నీసు కాల్చి తవ్వితే ముల్లు సగమే వచ్చింది. మొన లోపలే ఉండిపోయింది. మర్నాడు జమ్మలమడుగు దాకా నడిచి వద్దామనుకున్న పదిహేను కిలోమీటర్ల దారి ఆటోలో వచ్చాం. సూర్యోదయం నేను టెంటు ముందు కూర్చునే చూశాను. వాడొక్కడే అంచు దాకా పోయొచ్చాడు. ఆ రోజు మా సంచుల్లో రెండు టార్చిలున్నాయి, మడత కుర్చీ ఉంది, ఇంట్లోంచి తెచ్చిన అప్పచ్చుల డబ్బా ఉంది. రెండో జత చెప్పులు మాత్రం ఇద్దరి దగ్గరా లేవు.

ట్రెక్కింగ్ అలవాటున్నవాళ్లు దీన్ని క్యాంప్ షూ అంటారు. పగలంతా నడిపించిన బూటును విప్పేశాక, టెంటు చుట్టుపక్కల తిరగడానికి, వంటకు కూర్చోవడానికి, రాత్రి బయటికి పోవడానికి వేసుకునే తేలికపాటి జత అది. పగలు మనం దాన్ని మోస్తాం, రాత్రి అది మనల్ని మోస్తుంది. అందుకే నేను వీటిని వీపున మోసే చెప్పులు అంటాను. గండికోటకు ఇప్పుడు శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ కుర్రాళ్లు గుంపులుగా వస్తున్నారు. వాళ్ల భుజాన వేలకు వేలు పోసి కొన్న సంచులు చూస్తున్నాను. చీకటి పడేసరికి వాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనో, తడి బూట్ల మడమలు తొక్కి ఈడ్చుకుంటూనో తిరుగుతున్నారు. అది చూసినప్పుడల్లా నా మడమ మళ్లీ సలుపుతుంది.

పాదానికి సాయంత్రం ఎందుకు సెలవు కావాలి?

ఒక్కో పాదంలో ఇరవై ఆరు ఎముకలున్నాయి. ఎనిమిది గంటలు నడిస్తే రక్తం, నీరు కిందికి దిగి పాదం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుతవుతుంది. లోపల చెమటకు దారి ఉండదు. నానిన చర్మం మెత్తబడుతుంది, మెత్తబడిన చర్మం రాపిడికి తొందరగా లేచిపోతుంది. బొబ్బలు మొదలయ్యేది అక్కడే. రాత్రి నాలుగ్గంటలు పాదం గాలికి ఆరితే మర్నాడు బొబ్బ పుట్టే అవకాశం బాగా తగ్గుతుంది. బూటూ ఆరుతుంది. రెండో జత చేసే అసలు పని ఇదే.

మధుమేహం ఉన్నవాళ్లకు ఇది మరింత ముఖ్యం. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు, బొబ్బ చితికినా తెలియదు. వాళ్లు కొండ మీద వట్టి కాళ్లతో ఒక్క అడుగు కూడా వేయకూడదు. పడుకునే ముందు అరికాలు టార్చి వేసి చూసుకోవాలి, లేదా పక్కవాళ్లతో చూపించుకోవాలి. మా ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్లను గండి వీరాంజనేయస్వామి క్షేత్రానికి తీసుకుపోయినప్పుడు నేను మొదట సర్దేది వాళ్ల మాత్రలు, తర్వాత వాళ్ల చెప్పులు.

మరి బరువు మాట? సంచిలో ప్రతి వస్తువునూ తూచి పెట్టుకునేవాళ్లు ఇంకో జత ఎందుకు మోయాలని అడుగుతారు. దీనికి ఒక పాత లెక్క ఉంది. 1969లో అమెరికా సైన్యం తరఫున సోల్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషులకు తల మీద, చేతుల్లో, పాదాలకు బరువులు పెట్టి నడిపించి, ఎంత శక్తి ఖర్చవుతుందో కొలిచారు. పాదాలకు కట్టిన బరువు, శరీరం మీద మోసే బరువుకన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తి తింటుందని తేలింది. కారణం అందరికీ తెలిసినదే. వీపు మీది బరువు మనతోపాటు సాగిపోతుంది. పాదం మీది బరువును మాత్రం అడుగడుగునా ఎత్తి, విసిరి, ఆపాలి.

ఈ లెక్కను మన సంచికి అన్వయించుకుంటే విషయం తేలికవుతుంది. పగలు వేసుకునే బూట్ల జత పావుకిలో తగ్గితే, వీపు మీద కనీసం కిలో తగ్గినంత సుఖం. ఆ మిగులులోంచి పావుకిలో తీసి రెండో జతకు ఇచ్చినా మనం లాభంలోనే ఉంటాం. బరువైన తోలుబూటు వేసుకుని, బరువని చెప్పులు ఇంట్లో వదిలేసి వచ్చేవాళ్లు లెక్కను తలకిందులుగా వేసుకుంటున్నారు.

తూకం రాయి

ప్రొద్దుటూరు బంగారం ఊరు. మిల్లీగ్రాము తేడా వస్తే ఒప్పుకోని తూకాలు ఇక్కడ వీధి వీధినా ఉన్నాయి. నేను చెప్పులు తూచింది మాత్రం మా ఇంటి దగ్గరి కిరాణా కొట్లో, ఉల్లిగడ్డలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద. గడ్డల బుట్ట తీయించి, కాగితం పరచి, ఒక్కో జతా పెట్టాను. కొట్టాయన వింతగా చూసినా, మూడో జతకు తనే అంకెలు చదవడం మొదలుపెట్టాడు.

మొదట హవాయి చెప్పులు. మన ఊళ్లలో ఏ ఇంటి గడప ముందు చూసినా ఉండేవి ఇవే. వీటి తాత జపాను గడ్డిచెప్పు. దాన్ని చూసే 1962లో బ్రెజిల్‌లో హవాయానాస్ అనే రబ్బరు చెప్పు తయారైంది. మనకు బాటా, పారగాన్, రిలాక్సో పేర్లతో ఇంటింటికీ చేరింది. నా ఎనిమిదో నంబరు రబ్బరు జత నాలుగు వందల గ్రాములకు కాస్త తక్కువ తూగింది. రబ్బరుకు బరువెక్కువ, కానీ తడిరాయి మీద పట్టు ఉంటుంది. అడుగు అరిగి నున్నబడేదాకా నమ్మొచ్చు.

హవాయితో చిక్కల్లా బద్దీతోనే. అడుగున మూడు బొడిపెలుంటాయి. ముందరి బొడిపె రంధ్రంలోంచి జారిందంటే చెప్పు పని అయిపోయినట్టే. అప్పుడు మనవాళ్లు చేసే వైద్యం ఒకటుంది. బొడిపెను కిందికి లాగి, దాని మెడ గుండా పిన్నీసు గుచ్చి పెడతారు. బొడిపె ఇక పైకి రాదు. నేను ఇప్పటికీ సంచి పట్టీకి రెండు పిన్నీసులు గుచ్చి ఉంచుతాను. ముల్లు తీయడానికీ అవే, బద్దీ నిలబెట్టడానికీ అవే. హవాయిలో మరో కష్టం డిసెంబరులో తెలుస్తుంది. రాత్రి లోయ మీంచి చలిగాలి కొడుతుంటే సాక్సు వేసుకోవాలనిపిస్తుంది. సాక్సు వేస్తే బొటనవేలి సందులో బద్దీ దూరదు. బొటనవేలు విడిగా ఉండే సాక్సులు దొరుకుతాయి గానీ, ఆ ఒక్క అవసరం కోసం వెతకడం కన్నా చెప్పే మార్చుకోవడం మేలు.

తర్వాత ఫోము చెప్పులు. కొట్లలో ఈవీఏ అంటారు. ఇథిలీన్, వినైల్ ఎసిటేట్ కలిపి చేసిన ప్లాస్టిక్‌ను నురుగులా పొంగించి అచ్చులో పోస్తారు. లోపలంతా మూసుకుపోయిన చిన్న చిన్న బుడగలు. అందుకే గాలంత తేలిక, నీళ్లు పీల్చదు, విదిలిస్తే ఆరిపోతుంది. కుట్టు లేదు, జిగురు లేదు, ఊడిపోయేదేమీ లేదు. నేను తూచిన బద్దీల ఫోము జత రెండు వందల గ్రాములకు కొంచెం పైన తూగింది. ముందు మూసి ఉండి, పైన రంధ్రాలు, వెనక పట్టీ ఉన్న రకం మూడు వందల గ్రాముల దరిదాపుల్లో ఆగింది. ఈ రెండో రకాన్ని ఊళ్లో అందరూ క్రాక్స్ అనే పిలుస్తారు, ఎవరు తయారు చేసినా. అసలు క్రాక్స్ కంపెనీ 2002లో అమెరికాలోని కొలరాడోలో మొదలైంది. పడవల మీద తడిలో తిరిగేవాళ్ల కోసం చేసిన చెప్పు, ఆసుపత్రుల నుంచి వంటిళ్ల దాకా పాకింది. దాని అసలు జత ధర వేలల్లో ఉంటుంది. అదే తీరులో మన బజార్లో దొరికేవి రెండు మూడు వందల రూపాయలకు వస్తున్నాయి. టెంటు చుట్టూ తిరగడానికి ఆ తేడా డబ్బు పెట్టాల్సిన అవసరం నాకైతే కనిపించలేదు.

గుడ్డబూట్లు, అంటే బడిపిల్లలు వేసుకునే క్యాన్వాసువి, ఆరు వందల గ్రాములు దాటాయి. తడిస్తే రాత్రంతా ఆరవు. రెండో జతగా వద్దంటాను. అయితే గుడ్డబూట్లను తక్కువగా చూడకండి. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికా ముసలమ్మ, అరవై ఏడేళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లు దాటిన అపలాచియన్ కొండదారిని ఒంటరిగా నడిచింది. కాళ్లకు గుడ్డబూట్లు, భుజాన తనే కుట్టుకున్న సంచి. ఆ దారిని ఒకే దఫాలో ఒంటరిగా పూర్తి చేసిన మొదటి ఆడమనిషి ఆమే. తొడుక్కునే బూటు పేరు కన్నా నడిచే మనిషి గట్టితనం ముఖ్యమని ఆమె నడక చూస్తే తెలుస్తుంది. అయినా ఆమెకు పల్లేరుకాయలూ, సర్కారు తుమ్మా తగల్లేదు కదా. మన నేల వేరు.

చెప్పుల కొట్లో ఆ మాట నాకంటే ముందు కొట్టాయనే అన్నాడు. మెత్తటి ఫోము జత ఒకటి చేతిలోకి తీసుకుంటే, “యాడికన్నా, ఇంట్లోకా, బయటికా?” అని అడిగాడు. గండికోటలో రాత్రి ఉండేదానికి అన్నాను. “అయితే ఇవి వద్దులేన్నా. మెత్తగుంటాయి గానీ ముల్లును ఆపవు. కింద గట్టిగుండేటివి చూడు” అని వెనక అరలోంచి ఇంకో జత తీశాడు. బొటనవేలితో అడుగును నొక్కి చూపించాడు. మొదటిదాంట్లో గోరు దిగబడి గుంట నిలిచిపోయింది. రెండోదాంట్లో గుంట పడీ పడనట్టుగా తిరిగి పైకి వచ్చింది. నేను ఇప్పటికీ కొట్లో చేసే మొదటి పరీక్ష అదే. ఆ తర్వాత చెప్పును రెండుగా వంచి చూస్తాను. మధ్యలో తెల్లగీత పడితే అది కొన్నాళ్లకు అక్కడే విరుగుతుంది. కొనేది సాయంత్రం పూటే, పాదం ఉబ్బి ఉన్నప్పుడు, సాక్సు వేసుకుని. అరనంబరు వదులుగా ఉన్నా పర్వాలేదు. వేళ్లు ఆడాలి.

టైరు చెప్పు

జమ్మలమడుగులో ఒక చెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర నేను టైరు చెప్పులు కుట్టించుకున్నాను. రాయలసీమ కొండల్లో గొర్రెలు కాసేవాళ్ల కాళ్లకు ఇప్పటికీ ఇవి కనిపిస్తాయి. అంతకుముందు కిర్రుచెప్పులుండేవి. బర్రెతోలు అడుగు, నడిస్తే కిర్రుకిర్రుమనేవి. ముందు కొన పైకి వంగి, బొటనవేలికి ఉంగటం ఉండేది. తోలు పిరమై, పాత లారీ టైర్లు చవకై, టైరు వచ్చి ఆ చోట కూర్చుంది.

ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. నా పాదం కాగితం మీద పెట్టించి గీత గీశాడు. టైరు ముక్కను నీళ్లలో ముంచి, రంపెను కూడా తడిపి, తనవైపుకు లాగుతూ కోశాడు. పొడి రబ్బరు కత్తిని పట్టేసుకుంటుందట, తడిపితే జారుతుందట. అంచులు చెక్కాక, ట్యూబు పట్టీలను మడిచి ఆరెతో తూట్లు పొడిచి, చిన్న మేకులు కొట్టాడు. మేకుల మొనలు లోపలికి తిరిగాయేమోనని అరచేత్తో రెండుసార్లు తడిమాడు. “ఇవి అరగవు నాయనా. పట్టీలు మార్చుకుంటా ఉండు, అడుగు అట్లే ఉంటాది” అన్నాడు.

ఆయన మాట నిజం. సర్కారు తుమ్మ ముల్లు ఈ అడుగును దాటదు. ఇదే టైరు చెప్పును వియత్నాం సైనికులు యుద్ధకాలంలో వేసుకున్నారు. మెక్సికో కొండల్లోని తరహుమారా జనం ఇప్పటికీ టైరుముక్కకు తోలుతాడు కట్టి పరిగెడతారు. 1993లో కొలరాడోలోని లెడ్‌విల్‌లో జరిగిన వంద మైళ్ల పరుగు పందెంలో వాళ్లలో ఒకాయన, యాభై అయిదేళ్ల విక్టోరియానో చూరో, టైరు చెప్పులతోనే అందరికన్నా ముందు వచ్చాడు. జమ్మలమడుగు చెట్టుకింద కూర్చున్న పెద్దాయనకు ఈ సంగతి చెప్తే, పని ఆపకుండానే “కొండోళ్లకు కొండోళ్ల తెలివి ఉంటాది” అన్నాడు.

కానీ ఆ జతను కాటా మీద పెడితే కిలోకు కాస్త తక్కువ చూపించింది. పగలంతా కాలికి వేసుకుని నడిచే మనిషికి అది తగిన చెప్పే. వీపున మోసి సాయంత్రం రెండు గంటలు వాడుకునే జతగా మాత్రం పనికిరాదు. ఎంతో ఇష్టంగా కుట్టించుకున్నా, సంచిలోంచి దాన్ని తీసేయక తప్పలేదు. మా పొలం గట్ల మీద తిరగడానికి వాడుతున్నాను.

కింద ఏముందో చూసి

చెప్పు ఎంచుకునేటప్పుడు మనం బొమ్మ చూస్తాం, రంగు చూస్తాం. నేలను చూడటం మర్చిపోతాం. మన ప్రాంతపు నేలకు భూగర్భ శాస్త్రంలో చాలా గౌరవం ఉంది. కడప రాతిపొరల్లో ఒకదాని పేరు పులివెందుల క్వార్ట్‌జైట్, ఇంకోదాని పేరు గండికోట క్వార్ట్‌జైట్. రెండింటి మధ్యన తాడిపత్రి పేరుతో పలకల రాతి పొర ఉంది. పులివెందుల దగ్గర ఆ మధ్యపొరలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన నల్లరాతిని 188 కోట్ల ఏళ్ల నాటిదని లెక్కగట్టారు. మనం టెంటు వేసుకుని పడుకునే చోట, ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఇసుక, రాయిగా మారి ఉంది.

క్వార్ట్‌జైట్ అంటే ఇసుకరేణువులు ఒకదానికొకటి కరిచిపట్టుకుని బిగుసుకున్న రాయి. అది అరగదు, పగులుతుంది. పగిలిన చోట అంచు కత్తిలా ఉంటుంది. లోయ అంచున పెట్టెల్లా, మెట్లలా కనిపించే ఆ ఎర్రని బండలన్నీ అలా నిలువునా అడ్డంగా పగిలినవే. ఎండినప్పుడు వాటి గరుకుకు ఏ చెప్పయినా నిలుస్తుంది. పొద్దున మంచు పడ్డాకనో, చినుకు రాలాకనో అరిగిన ఫోము అడుగుతో వాటి మీద కాలు పెడితే జారుతుంది. కింద పెన్నా ఎంత లోతున ఉందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే నాదొక కట్టుబాటు. రెండో జత టెంటు చుట్టూ తిరగడానికే. అంచుకు పోవాలంటే, ఎంత బద్ధకంగా ఉన్నా, బూట్లు కట్టుకోవాల్సిందే. ఫొటో కోసం హవాయి చెప్పులతో చివరి బండ మీద నిలబడే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లను పేరు తెలియకపోయినా వెనక్కి రమ్మని పిలుస్తాను. కోపగించుకున్నా సరే.

ఇక ముళ్లు. సర్కారు తుమ్మ ఈ మట్టి చెట్టు కాదు. అమెరికా ఖండపు చెట్టు. వంటచెరకు కోసం మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు విత్తనాలు తెప్పించి, 1877లో మన కడప జిల్లాలోనే, కమలాపురం తోటల్లో నాటించారు. దేశంలో ఈ చెట్టు మొదట వేళ్లూనిన చోట్లలో కమలాపురం ఒకటి. ఇప్పుడు చెరువు గట్లు, బీడు భూములు, రోడ్డు పక్కలు అన్నీ దానివే. ముల్లు రెండంగుళాల దాకా పెరుగుతుంది. ఎండి రాలిన కొమ్మ దుమ్ములో కలిసిపోయి అసలు కనిపించదు. దానికి పల్లేరుకాయ తోడు. పల్లేరు చెప్పు అడుగున గుచ్చుకుని టెంటు లోపలికి కూడా వచ్చేస్తుంది. అందుకే చెప్పులు గడప బయట విడవడం మన ఇళ్లలో ఎంత ఆచారమో టెంటు దగ్గర అంత అవసరం.

బయట విడిస్తే మాత్రం ఇంకో జాగ్రత్త. రాత్రిపూట తిరిగే తేలు, తెల్లారేలోపు దాక్కోవడానికి చల్లటి, చీకటి బొరియ కోసం వెతుకుతుంది. ముందు మూసిన చెప్పు దానికి సిద్ధంగా కట్టిన ఇల్లు. పొద్దున లేచి బూటైనా, చెప్పైనా బోర్లించి నేలకు రెండు దెబ్బలు కొట్టాకే కాలు పెట్టాలి. మా మేనల్లుడు సంచిలోంచి ఖాళీ ప్లాస్టిక్ కవరు తీసి, చెప్పుల్ని అందులో పెట్టి మూతి ముడివేస్తాడు. నాకు ఆ పద్ధతి నచ్చింది. రాత్రి పాము ఎదురయ్యే సంగతి కూడా అంతే నిజం. రక్తపింజరి రాళ్ల సందుల్లో, ఎండుగడ్డిలో కదలకుండా పడుకుంటుంది. తొక్కేదాకా తెలియదు. వేళ్లు బయట పెట్టే చెప్పుల కన్నా ముందు మూసి, వెనక పట్టీ ఉన్న ఫోము చెప్పును నేను ఎంచుకోవడానికి ఇదొక కారణం. దానితోనే అంతా ఆగిపోతుందని కాదు. చేతిలో టార్చి, అడుగు వేసే చోట చూపు, ఇవి కూడా ఉండాలి. కరిస్తే కోయడం, చీల్చడం, బిగించి కట్టడం ఏదీ చేయకూడదు. ఆ కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి పోవాలి.

రెండు గండ్లు

మన జిల్లాలో గండి అనే మాటకు రెండు గొప్ప చోట్లున్నాయి. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుని వచ్చిన చోట గండికోట. పాలకొండల్ని పాపాఘ్ని కోసుకుని వచ్చిన చోట, పులివెందుల వైపున, గండి వీరాంజనేయస్వామి క్షేత్రం. గండికోటకు చరిత్ర రాసేవాళ్లు వస్తారు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఆ కోటకే వచ్చాడు. గండికి మాత్రం భక్తులు వస్తారు. శ్రావణ మాసం శనివారాల్లో అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం.

గండి దగ్గర నాకు తెలిసొచ్చింది నీళ్ల సంగతి. ఏటిలో నీరు పారుతున్న రోజుల్లో దాటాల్సి వస్తే, బూటు విప్పి మెడకు తగిలించుకుని వట్టి కాళ్లతో దిగేవాణ్ని. గులకరాళ్ల మీద కాలు మెలిక పడేది. ఇప్పుడు ఫోము చెప్పుల పట్టీ వెనక్కి లాగి అవే వేసుకుని దాటుతున్నాను. బద్దీల చెప్పులయితే ప్రవాహం లాక్కుపోతుంది, అందుకే పట్టీ కావాలి. అవతలికి చేరి రెండుసార్లు విదిలిస్తే ఆరినట్టే. చుట్టూ ఉన్నది ఎర్రచందనం అడవి కాబట్టి దారి వదిలి లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

చెప్పులూ కొండదారీ అనగానే కడప జిల్లావాళ్లకు తాళ్లపాక అన్నమయ్య గుర్తొస్తాడు. చిన్నవాడుగా తిరుమల కొండెక్కుతూ, చెప్పులు విడవకుండానే నడిచి మోకాళ్ల పర్వతం దగ్గర సొమ్మసిల్లాడని, కలలో అలమేలుమంగ కనిపించి ఈ కొండ సాలగ్రామమయం, చెప్పులు విడిచి చూడు అన్నదని మనవడు చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రము చెబుతుంది. చెప్పులు విడిచే చోటు ఏదో, వేసుకునే చోటు ఏదో మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. గుడి ముందు, గడప ముందు విడుస్తాం. కోనలో, చీకట్లో వేసుకుందాం.

ఎండ సంగతి

ఫోము చెప్పుకు మన ఎండే శత్రువు. మే నెలలో మూసిన కారు వెనక అద్దం కింద ఒక జత మర్చిపోయాను. సాయంత్రానికి అది ఒక నంబరు చిన్నదైపోయింది. వేడికి ఆ బుడగలు ముడుచుకుపోతాయి, ఇక తిరిగి రావు. మంట దగ్గర ఆరబెట్టడమూ అంతే. చలిమంట పక్కన కాళ్లు చాపి కూర్చున్న మిత్రుడి చెప్పు అంచు కరిగి కారడం చూశాను. నీడలో, గాలి తగిలేచోట, సంచికి బయట తగిలిస్తే చాలు. సంచి లోపల కుక్కితే బట్టలకు వాసన పడుతుంది. ఎండాకాలంలో గండికోట రాయి మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. చవక చెప్పుకు ఆ వేడి అరికాలు దాకా తెలుస్తుంది. నా మాట వింటే నవంబరు నుంచి జనవరి దాకానే అక్కడ రాత్రి బస పెట్టుకోండి.

పోయిన డిసెంబరులో మేమిద్దరం మళ్లీ వెళ్లాం. మా మేనల్లుడు ముందే ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి రెండు వేలు పెట్టి ఒక జత తెప్పించుకున్నాడు. చాలా తేలిక, నూట యాభై గ్రాములు కూడా లేవు. అడుగు మాత్రం అట్టముక్క అంత మందం. ప్రొద్దుటూరు కొట్లో నేను తెచ్చిన జతకు రెండు వందల యాభై రూపాయలయింది. ఎవరిది మంచిదని మేం వాదించుకోలేదు. సాయంత్రం టెంటు వేశాక వాడే, “మామా, ఒకసారి నీవి ఇయ్యి, నీళ్లు పట్టుకొస్తా” అని నావి వేసుకుపోయాడు. తిరిగొచ్చాక మళ్లీ అడగకుండానే వేసుకున్నాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాను. కవరు ముడి విప్పి, చెప్పులు నేలకు తట్టి, సాక్సుల మీదే తొడుక్కున్నాను. టార్చి వెలుగులో అదే ఇరవై అడుగుల దారి నడిచి నీళ్లు తాగి వచ్చాను. టెంటు ముందు కూర్చుని బూటు లేసులు కట్టుకుంటూ, ఎడమ చెప్పు అడుగున ఏదో గరుకుగా తగిలితే తిప్పి చూశాను. మడమ దగ్గర సర్కారు తుమ్మ ముల్లు దిగి, వంగి, విరిగి ఉంది. పైన పాదం ఆనే చోట వేలితో తడిమాను. మొన తగల్లేదు. లోయకు అవతల, కొండ వెనక ఆకాశం అప్పుడే ఎర్రబడుతోంది. మేనల్లుడిని లేపి, ఇద్దరం అంచు వైపు నడిచాం.